బిస్కెట్ డబ్బాలో వైరు

ఆ ఆదివారం భూపాలపల్లిలో తప్పు వైరు పెట్టింది నేనే. డిస్కు కాలిపోతే పాతది కాబట్టి పోయిందని చెప్పింది కూడా నేనే. ముప్పై ఏళ్ల పనిలో నేను చేసిన తప్పులన్నీ రాస్తే ఒక లావు పుస్తకం అవుతుంది. వాటిలో ఈ ఒక్కదాన్నే ముందు చెప్పడానికి కారణం ఉంది. మీలో చాలామంది ఇప్పుడు మొదటి కంప్యూటర్‌ను మీ చేతులతోనే బిగించుకుంటున్నారు. మీ పక్కన నాలాంటి అనుభవజ్ఞుడు ఒకడు నిలబడి ఉంటాడు. అతన్ని ఎంతవరకు నమ్మాలో ఈ కథ చదివితే తెలుస్తుంది.

నేను జనగామలో ఒక కంప్యూటర్ దుకాణంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. అంతకుముందు అదే సేటు మానుకోటలో తెరిచిన చిన్న దుకాణంలో పన్నెండేళ్లు ఉన్నాను. ఊరికి పెద్ద పేరు మహబూబాబాద్, మేము మాత్రం మానుకోట అనే అంటాం. ఆఫీసులకు, స్కూళ్లకు కంప్యూటర్లు బిగించడమే అప్పుడు నా పని. కొత్త పెట్టె విప్పినప్పుడు వాడకుండా మిగిలిన వైరు ఏదున్నా ఒక రేకు బిస్కెట్ డబ్బాలో వేసుకునేవాణ్ని. ఎక్కడికి వెళ్లినా ఆ డబ్బా నా సంచిలో ఉండేది. ఏ ఆఫీసులోనైనా వైరు తక్కువైందంటే, మంత్రగాడు తాయెత్తు తీసినట్టు మూత తీసి ఒకటి ఇచ్చేవాణ్ని. గుమాస్తాలు అబ్బురంగా చూసేవారు. ఆ చూపు నాకు జీతం కంటే ఎక్కువగా అలవాటైంది.

రిటైరవడానికి ఆరేడు నెలల ముందు ఒక మధ్యాహ్నం జనగామ దుకాణంలోకి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. మెడలో టేపు వేలాడుతోంది. తీయడం మరిచిపోయి బస్సెక్కినట్టుంది. భూపాలపల్లి బొగ్గు గని కాలనీలో బట్టలు కుడుతుందట. జనగామలో పుట్టిల్లు. సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా ముందు పెట్టింది. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం.

“గేమింగ్ కంప్యూటర్ గావాలె సార్. సామాను మీ దగ్గరనే కొంట. బిగించుడు మాత్రం నేనే బిగించుకుంట.”

నేను నవ్వాను. అది మొదటి తప్పు.

ఆ పేజీ పైన, గిరాకీ పేరు రాసేచోట “కంప్యూటర్” అని ఉంది. కింద వరుసగా బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, క్యాబినెట్. ప్రాసెసర్ ఎదురుగా సాకెట్ పేరు, బోర్డు ఎదురుగా మళ్లీ అదే సాకెట్ పేరు, రెండింటినీ కలుపుతూ ఒక గీత. గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఇలా ఉంది: పొడవు పన్నెండున్నర ఇంచులు. క్యాబినెట్ లోపల పద్నాలుగు. ముందు ఫ్యాన్లకు ఒకటి పోను పదమూడు. వదులు అర ఇంచు.

మా దుకాణంలో పాత రకం బోర్డు ఒకటి చాలా రోజులుగా దుమ్ము తింటోంది. దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని సేటు నాతో రోజూ అనేవాడు. “ఈ బోర్డు తీసుకోమ్మా, బ్రహ్మాండంగా ఉంటుంది” అని ముందు పెట్టాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ర్యామ్ పెట్టే గాడిని వేలితో తడిమింది.

“దీని గాటు గిక్కడున్నది సార్. నేను తీస్కునే కొత్త ర్యామ్‌కు గాటు జర పక్కకుంటది. గిది దాంట్ల దిగది గదా?”

దిగదు. నాకు తెలుసు. బోర్డు తీసి మళ్లీ అలమరలో పెట్టేశాను.

“పవర్ సప్లై గింత పెద్దది ఎందుకు?” అన్నాను, ఎక్కడో ఒకచోట గెలవాలని.

“కార్డు ఎంత తింటది, ప్రాసెసర్ ఎంత తింటది లెక్క జూసి, మీద జర ఎక్కువ వెట్టిన సార్. జాకెట్ బిగువు కుడ్తే చేతులు లేపంగనే పిగులుతది. కరెంటు గూడ గంతే గదా?”

గల్లా దగ్గరున్న సేటు దగ్గు ఆపుకున్నట్టు నవ్వాడు. “తీసుకో, నీ నౌకరీ పోయిందిరా” అన్నాడు నాతో.

ఆమెకు ఈ ఆటల పిచ్చి ఫోన్లో మొదలైందట. జాకెట్లకు హుక్కులు కుట్టీ కుట్టీ వేళ్లు నొప్పి పుడితే కాసేపు ఆడేది. మంచు కొండల మీద కారు నడిపే ఆట ఒకటి ఉందని, అది ఫోన్లో కాదు, పెద్ద కంప్యూటర్‌లోనే నడుస్తుందని తెలిసిన దగ్గర్నుంచి రెండు బతుకమ్మ పండుగల జాకెట్ల సంపాదన పక్కన పెట్టింది. ఇంట్లో అందరూ ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో ఎంబ్రాయిడరీ మిషన్ కొనమని మరిది గొడవ. అతను గనిలో డంపర్ నడుపుతాడు. భర్త ఎటూ మాట్లాడలేదు. ఒప్పుకున్నది అత్త ఒక్కతే, అదీ ఒక షరతు మీద.

మామ గని కార్మికుడు. నాలుగేళ్ల కిందట చనిపోయాడు. కొడుకు పెళ్లి బరాత్‌లో ఆయన నల్ల అద్దాలు పెట్టుకుని చిందులేసిన వీడియో ఉంది. స్టూడియో వాళ్లిచ్చిన సీడీ గీతలు పడి పాడైంది, ఆ స్టూడియోనే మూతపడింది. ఇప్పుడా వీడియో ఒకే ఒక్కచోట ఉంది. ఇంట్లో ఏనాడో చెడిపోయిన పాత కంప్యూటర్‌లోంచి తీసిన హార్డ్ డిస్క్‌లో. అత్త దాన్ని పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టుకుంది. ఆ డిస్కును కొత్త కంప్యూటర్‌కు తగిలించి, ఆయన ఎగరడం పెద్ద తెర మీద చూపించాలి. అదీ ఒప్పందం.

ఇదంతా నేను బిల్లు రాస్తుండగా ఆమె నాకు చెప్పింది. అంటే ఆ డిస్కులో ఏముందో నాకు ముందే తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

బిగించేటప్పుడు ఒక మెకానిక్ పక్కన ఉంటే సామానుకు పూచీ ఉంటుందని సేటు నన్ను ఆదివారం భూపాలపల్లికి పంపాడు. ఆమె ఇంటికి చేరేసరికి పది దాటింది. ముందు గదే కుట్టుకొట్టు. బట్ట కత్తిరించే బల్లను తుడిచి, తెల్ల దుప్పటి పరిచి, దాని మీద పెట్టెలన్నీ వరుసగా పేర్చి పెట్టింది. మొక్కిన కొబ్బరికాయ కూడా ఒక పక్కనుంది. భర్త మొదటి షిఫ్టుకు పోయాడు. మరిది కుర్చీ తిరగేసి వేసుకుని, వినోదం చూడ్డానికి వచ్చినట్టు కూర్చున్నాడు.

“వదినా, గిది జాకెట్ గాదు. తప్పు గుడ్తే విప్పి మళ్ల కుట్టనీకి రాదు.”

“నీ ప్యాంటు మూడుసార్లు విప్పి కుట్టిన. నోరు మూస్కొని కూసో.”

ఒంట్లో ఉండే కరెంటు బోర్డుకు తగలకూడదని, పని మొదలుపెట్టే ముందు ఏదైనా ఇనుము ముట్టుకోమని చెప్పాను. ఆమె ప్రతి సామాను పట్టుకునే ముందు కుట్టుమిషన్ ఇనుప కాలు ముట్టుకుంది. అది చూసి అత్త కూడా వచ్చినప్పుడల్లా మిషన్ కాలు ముట్టుకుని కళ్లకు అద్దుకుని పోయింది.

“నువ్వెందుకే అవ్వా?” అన్నాడు మరిది తల్లితో.

“మంచిదంటున్నడు గదరా సారు.”

ఆమె చేతులు చూడాలి మీరు. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న గుర్తును సాకెట్ గుర్తుకు కలిపి, ఒత్తకుండా, పువ్వు పెట్టినట్టు పెట్టింది. ర్యామ్ రెండు వైపులా టిక్కుమనేదాకా నొక్కింది. కార్డు క్యాబినెట్‌లో కూర్చున్నాక, మెడలోని టేపు తీసి ముందున్న ఖాళీ కొలిచింది. “అర ఇంచు” అని నావైపు చూసింది. ఆ చూపులో గర్వం కంటే సంతోషమే ఎక్కువ. నేను చెప్పడానికేమీ లేకపోయింది. రెండు గంటలసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాను. అలవాటు లేని పని అది.

బటన్ నొక్కింది. ఫ్యాన్లన్నీ ఒక్కసారి తిరిగాయి. క్యాబినెట్ లోపల దీపాలు వెలిగాయి. తెర మీద అక్షరాలు పడ్డాయి. అత్త చప్పట్లు కొట్టింది, పక్కింటివాళ్లు గడపలో నిలబడి కేకేశారు. మరిది కూడా కుర్చీ తిన్నగా వేసుకున్నాడు. కొబ్బరికాయ అతనే కొట్టాడు.

“నా కోడలు ఏదన్న కుడ్తది. కంప్యూటర్ గూడ కుట్టింది” అని అత్త గడపలో వాళ్లకు చెప్పింది. చెప్పి లోపలికి పోయి చీర ముక్కలో మూట తెచ్చింది. “ఇగ మీ మామను పెట్టు బిడ్డా.”

కంప్యూటర్ ఆపి, డిస్కును లోపల బిగించింది. దానికి కరెంటు వైరు కావాలి. పవర్ సప్లైతో వచ్చిన వైర్లు ఒక గుడ్డ సంచిలో ఉన్నాయి. ఆమె ఆ సంచి ముడి విప్పబోయింది.

అప్పుడు నా చేయి దురదపెట్టింది. రెండు గంటలుగా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. సంచిలోంచి బిస్కెట్ డబ్బా తీసి మూత తెరిచాను.

“కొత్తది ఎందుకమ్మా విప్పడం? ఇదిగో, నా దగ్గరుంది.”

ఆమె వైరు తీసుకుని అటూ ఇటూ చూసింది. “గిది ఈ పవర్ సప్లై డబ్బాలది గాదు గదా సార్? పనిచేస్తదా?”

“ముప్పై ఏళ్లు చూశానమ్మా. పట్టిందంటే పనిచేస్తుంది.”

పట్టింది. రెండు కొసలూ చక్కగా పట్టాయి. బటన్ నొక్కింది. టప్‌మని ఒక చప్పుడు. అన్నీ ఆరిపోయాయి. కాలిన వాసన గదంతా నిండింది.

ఏం జరిగిందో నాకు ఆ వాసనతోనే అర్థమైంది. మీకు కూడా చెప్పాలి. వైరుకు డిస్కు వైపు ఉండే కొస లోకమంతటా ఒకటే. పవర్ సప్లై వైపు కొస అలా కాదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా, లోపల ఏ తీగ ఎక్కడికి పోవాలో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. పాతకాలంలో వైర్లు పవర్ సప్లైకే అంటుకుని వచ్చేవి, ఈ చిక్కు ఉండేది కాదు. విడిగా తీసి పెట్టుకునేవి వచ్చాక ఈ మాట నేను ఎక్కడో విన్నాను. విని కూడా నా డబ్బాను మార్చుకోలేదు.

డిస్కు వైరు పీకేసి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ బటన్ నొక్కితే కంప్యూటర్ మామూలుగా వచ్చింది. గుడ్డ సంచిలోని వైరుతో డిస్కు మళ్లీ తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు.

“పాత డిస్కు కదమ్మా. ఏళ్ల తరబడి బీరువాలో ఉంది. కరెంటు తగలగానే పోయింది.”

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది.

మరిది లేచాడు. ఈసారి ఎకసెక్కం లేదు. “నీ ఆట కోసం మా బాపును కాలవెడ్తివి గదా వదినా. బీరువాల ఉన్నన్ని దినాలు సల్లగుండె.”

ఆమె బల్ల మీది మరలు ఒక్కొక్కటే ఏరి డబ్బీలో వేసింది. అత్త డిస్కును మళ్లీ చీర ముక్కలో చుట్టింది. చుట్టి, నాకు ఆకు వేసింది. దూరం నుంచి వచ్చిన మనిషి ఆకలితో పోకూడదని చింతచిగురు పప్పు, మాంసం కూర పెట్టింది. జేబులో వైరు తొడకు గుచ్చుకుంటుండగా ఆ అన్నం తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకున్నాను. వద్దంటే అనుమానం వస్తుందని.

బస్సెక్కాను. రేగొండ వచ్చింది. చాయ్ తాగడానికి డ్రైవరు ఐదు నిమిషాలు ఆపాడు. నేనూ దిగాను. చాయ్ డబ్బులు ఇద్దామని జేబులో చేయి పెడితే చేతికి వైరు వచ్చింది. హోటలాయన దాన్ని చూసి “పాము పిల్ల లెక్కున్నది, ఏంది సారూ అది?” అన్నాడు. నా బస్సు హారన్ కొట్టింది. కండక్టర్ పిలిచాడు. నేను రోడ్డు దాటి అవతల వైపు నిలబడ్డాను.

నాలుగింటికి మళ్లీ ఆ గడపలో ఉన్నాను. కంప్యూటర్ మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. ఆమె ఎవరిదో జాకెట్‌కు చేతులు కుడుతోంది. మరిది గడపలోనే కూర్చుని ఉన్నాడు.

“ఏమన్న మర్చిపోయినవా సారూ?” అంది అత్త.

వైరు తీసి బల్ల మీద పెట్టాను. “డిస్కు పాతదై పోలేదు అక్కా. నేను కాల్చాను. ఈ అమ్మాయి అడిగింది, ఇది ఈ డబ్బాది కాదు కదా అని. నేనే వినలేదు. తర్వాత అబద్ధం చెప్పాను.”

నేను సంచిలోంచి మీటర్ తీసి, ఆ వైరును పవర్ సప్లైకి తగిలించి, మరిదిని రమ్మని చూపించాను. ఐదు వోల్టులు రావాల్సిన చోట పన్నెండు చూపిస్తోంది. తర్వాత గుడ్డ సంచిలోని వైరు పెట్టాను. ఐదు. డంపర్ నడిపేవాడికి అంతకంటే ఏం చెప్పాలి? అతను మీటర్ బల్ల మీద పెట్టాడు.

“గా మాట ఇంకోసారి గట్టిగ చెప్పు సారూ” అన్నాడు. “పొద్దుగాల గడపల నిలవడ్డోళ్లకు గూడ ఇనవడాలె. నేను మా వదినను అనరాని మాటన్న.”

గడపలోకి వెళ్లి గట్టిగా చెప్పాను. ఆదివారం సాయంత్రం, కాలనీలో అందరూ ఇళ్లలోనే ఉన్నారు.

లోపలికి వచ్చేసరికి ఆమె రెండు వైర్లూ పక్కపక్కన పెట్టి చూస్తోంది. “మా మిషన్ల బాబిన్లు గూడ గిట్లనే సార్. ఒక మిషన్ది ఇంకోదాంట్ల ఎక్కుతది. ఎక్కినంక కింద దారం ఉండలు కడ్తది. నాకు తెల్సు. తెల్సి గూడ మీరు పెద్దమనిషని ఊకున్న.”

అత్త నావైపు తిరిగి అంది: “అన్నం తిని పోయినంక చెప్పవడ్తివి. తినకముందు చెప్తే పెట్టకపోదునా తమ్మీ?”

పొద్దుటి నుంచి నేను సారు. తమ్మిని ఆ నిమిషంలోనే అయ్యాను. ఆ మూట అడిగి తీసుకున్నాను. బాగుచేసి తెస్తానని మాత్రం అనలేదు. ప్రయత్నిస్తానన్నాను.

మర్నాడు సెలవు పెట్టి తొర్రూరు మీదుగా మానుకోట వెళ్లాను. అక్కడ రేడియోలు, టీవీలు బాగుచేసే భాయ్ ఒకడున్నాడు. నేనక్కడ ఉన్న పన్నెండేళ్లూ మా దుకాణాలు గోడకు గోడ. డిస్కు వెనక బోర్డు విప్పి, కంటికి అద్దం పెట్టుకుని చూశాడు. వైరు సంగతి చెప్పాను.

“క్యా మియా, పన్నెండేండ్లు నా పక్కన కూసొని గిదేనా నేర్చినవ్?”

“తిట్టు భాయ్. ముందు చూసి తిట్టు.”

“రెండు పనులు ఒక్కసారి వస్తయ్ నాకు.”

బియ్యపు గింజంత ముక్క ఒకదాన్ని సూదిమొనతో చూపించాడు. కరెంటు హద్దు దాటితే తానే కాలిపోయి, మిగతా బోర్డును కాపాడడానికి పెట్టే ముక్క అది. కాలింది అదొక్కటే. వేడి సూదితో దాన్ని లేపేసి, సరైన కరెంటు తగిలించాడు. డిస్కును చెవి దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నా చెవి దగ్గర పెట్టాడు. లోపల మెల్లగా, నిద్ర లేచిన పిల్లి గురకలాంటి చప్పుడు. “తిరుగుతుంది మియా” అన్నాడు. నా కళ్లలో నీళ్లు చూసి, “పరేషాన్ కాకు, చాయ్ తెప్పియ్” అన్నాడు. తాగినంతసేపూ తిట్టాడు. ఆ ముక్క లేకుండా డిస్కును ఎక్కువ రోజులు నమ్మకూడదని, అందులో ఉన్నదంతా పక్కన మా సేటు దుకాణంలోంచి తెచ్చిన కొత్త డిస్కులోకి ఎక్కించి, ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు.

తర్వాతి ఆదివారం ఆ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. నేను కొత్త డిస్కు ఆమె చేతికిచ్చాను, ఆమె గుడ్డ సంచిలోని వైరు తీసి తగిలించింది. తెర మీద బ్యాండు మోగింది. నల్ల అద్దాల మనిషి ఒకాయన రుమాలు పళ్ల మధ్య పట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని లేస్తూ ఎగురుతున్నాడు. గది గదంతా ఈల వేసింది. అత్త దగ్గరగా జరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నా యాదిల గింత నల్లగ లేడు” అంది. అందరూ నవ్వారు. “ఆ అద్దాలు బ్యాండోనివి. గుంజుకొని వెట్టుకున్నడు. మళ్ల వెయ్ బిడ్డా.”

నాలుగుసార్లు వేశారు. తర్వాత ఆట పెట్టారు. మంచు కొండల మీద కోడలు కారును నున్నగా నడిపింది, బట్ట మీద కత్తెర పోయినట్టు. తర్వాత మరిది కూర్చున్నాడు. వంద టన్నుల డంపర్ నడిపే మనిషి మొదటి మలుపులోనే లోయలో పడ్డాడు. “స్టీరింగ్ లేకుంటే ఎట్ల నడుపుతరు?” అని మా అందరి మీదా అరిచాడు.

జరిగింది సేటుకు చెప్పాను. “చెప్పకపోతే ఎవరికి తెలిసేది?” అన్నాడు. కొత్త డిస్కు ఖరీదు నా జీతంలో పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. వ్యాపారంలో ఆయన ఎప్పుడూ ఖచ్చితం.

బిస్కెట్ డబ్బా పారేద్దామనుకుంటే ఆమె వద్దంది. ఒక రోజంతా కూర్చుని, ఏ వైరు ఏ పవర్ సప్లైదో నేను మీటర్‌తో చూసి చెబుతుంటే, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టింది. ఎక్కడిదో తేలనివాటిని ఆమె కత్తెరే ముక్కలు చేసింది. ఆ డబ్బా ఇప్పుడు ఆమె కుట్టుకొట్టులో, హుక్కుల డబ్బీల పక్కన ఉంటుంది.

రిటైరయ్యాక నేను నెలకు ఒకటి రెండుసార్లు భూపాలపల్లి పోతున్నాను. కాలనీలో, టేకుమట్లలో, రేగొండలో సొంతంగా కంప్యూటర్ బిగించుకునేవాళ్లు ఇప్పుడు ముందు ఆమె దగ్గరికే వస్తారు. కొలతల పుస్తకంలో ఒక పేజీ రాసి ఇస్తుంది. బిగించే రోజు నేను టార్చి పట్టుకుంటాను. ఎవరి ఇంట్లోనైనా సరే, పని మొదలుపెట్టేముందు ఈ కథ నేనే చెప్పాలి. అది ఆమె పెట్టిన షరతు కాదు, నేను పెట్టుకున్నది.

మొన్న మరిది కూడా ఒకటి కొన్నాడు, స్టీరింగ్‌తో సహా. వదినే లిస్టు రాసింది. అతను బిగిస్తుంటే ఆమె పక్కన నిలబడింది, నేను టార్చి పట్టుకున్నాను. డిస్కు దగ్గరికొచ్చేసరికి అతని చేయి ఆగింది. వైరు పైకెత్తి నావైపు చూశాడు.

“సారూ, గిది ఏ డబ్బాలది?”

కళ్లద్దాలు సరిచేసుకుని, వైరు తీసుకుని, రెండు కొసలూ చూశాను. పవర్ సప్లై డబ్బా మీది పేరు చూశాను. మళ్లీ వైరు చూశాను.

“ఈ డబ్బాలదే” అన్నాను. “అయినా మీ వదినకు ఒకసారి చూపించు.”